చిలుము తెలియని చదువులు

రోహిణీ కార్తెలో, రాత్రి ఒంటిగంటకి, గోడకున్న ఏసీ చల్లగాలి మానేసి ‘ఈ6’ అని వెలిగించి ఊరుకుంది. ఇంజినీరింగ్ చదివిన మా మనవడు మంచం దిగకుండానే దాన్ని ఫొటో తీసి స్నేహితులకి పంపించాడు. వరండా అవతలే ఉన్న ఏసీ బయటి పెట్టె దగ్గరికి వెళ్లి ఒక్క క్షణం నిలబడలేదు. మా రోజుల్లో యంత్రానికి జబ్బు చేస్తే ముందు యంత్రం దగ్గరికే వెళ్లేవాళ్లమోయ్!

మా రోజుల్లో అంటే ఈ రేపల్లెలోనే. అప్పుడు మాది గుంటూరు జిల్లా. 2022 నుంచి బాపట్ల జిల్లా అని రాయమంటున్నారు, చెయ్యి ఇంకా అలవాటు పడలేదు. పగలు వట్టివేళ్ల తడికలకి నీళ్లు కొట్టడం పిల్లల పని. పొద్దువాలాక డాబా తడిపి, నులకమంచాలు వాల్చి, నిజాంపట్నం వైపునుంచి గాలి తిరిగేదాకా విసనకర్ర విసురుకుంటూ కబుర్లు చెప్పుకునేవాళ్లం. తర్వాత ఫ్యాను వచ్చింది. కిర్రుమంటే చుక్క నూనె, నీరసంగా తిరిగితే కండెన్సరు, మాడు వాసనొస్తే వైండింగు. ఏ పుస్తకమూ తిరగెయ్యక్కర్లేదు, చెవీ ముక్కూ చాలేవి. సాయంత్రం బల్బులో తీగ ఎర్రబడితే ఓల్టేజీ పడిపోయిందని చంటిపిల్లలు సైతం చెప్పేవాళ్లు. ఇప్పటి ఎల్‌ఈడీ బల్బులు ఓల్టేజీ తగ్గినా తెల్లగానే నవ్వుతుంటాయి. ఏసీ మాత్రం ఓర్చుకోలేక ఆగిపోయి ఏదో అంకె చూపిస్తుంది. ఇంట్లోవాళ్లంతా ఏసీని తిడతారు.

‘ఒకటిన్నర టన్ను’ అని గొప్పగా చెప్పుకుంటారు కదా, ఆ టన్ను ఎక్కడిదో తెలుసా? టన్ను ఐసు 24 గంటల్లో కరిగితే ఎంత వేడిని లాగేస్తుందో, అంత వేడిని లాగే శక్తిని ఒక టన్ను అన్నారు. మేము రంపపుపొట్టులో చుట్టిన ఐసుదిమ్మని గోనెసంచితో మోసినవాళ్లం. టన్ను అంటే ఎంతో మా భుజాలకి తెలుసు.

సరే, ఆ ‘ఈ6’ సంగతికొస్తాను. మర్నాడు ఒకాయన వచ్చి, మూత కూడా విప్పకుండా “గ్యాసు అయిపోయింది, నింపాలి” అన్నాడు. గ్యాసు అయిపోవడానికి అదేమన్నా దీపంలో కిరసనాయిలా? గొట్టాల్లోనే తిరిగి తిరిగి వచ్చేది, ఒంట్లో నెత్తురులాగా. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడ్డట్టే. ఆ చిల్లు వెతకకుండా ఎన్నిసార్లు నింపినా మళ్లీ పోతుంది. అప్పుడు గుర్తొచ్చి బీరువాలోంచి ఏసీతో వచ్చిన పుస్తకం తీయించాను. ‘ఈ6’ అంటే లోపలి పెట్టెకీ బయటి పెట్టెకీ మాట కుదరడం లేదని అందులో ఉంది. గ్యాసు ఊసే లేదు.

రెండోసారి వచ్చిన కుర్రాడు బుద్ధిమంతుడు. మెయిన్ స్విచ్ కట్టేసి, కాసేపు ఆగి, బయటి పెట్టె విప్పాడు. తీగ బిగించే చోట రాగి పచ్చగా కనిపించింది. మా మనవడు “ఇదేంటి తాతయ్యా, పాచి పట్టిందా?” అన్నాడు. చిలుమురా నాయనా! మా అమ్మ చింతపండు పెట్టి బిందెలు తోమి వదిలించిన చిలుము! సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్లో రాగికి అది పట్టకుండా ఉంటుందా? కుర్రాడు తీగ కొస కత్తిరించి, కొత్తగా బిగించాడు. ఏసీ పలికింది.

ఒక్కమాట ఒప్పుకోవాలి. ఆ యంత్రం మొదటి రాత్రే నిజం చెప్పింది, మనుషులమే వినలేదు. మా వాడు తీసిన ఫొటో లేకపోతే ఆ అంకె ఏమిటో నాకూ గుర్తుండేది కాదు. డాబా మీద మంచం వేసుకునే ఓపిక నాకు మాత్రం ఎక్కడుంది?

కాబట్టి వినండి. ఆ అంకె జబ్బు పేరు కాదు, ఎక్కడ వెతకాలో చెప్పే ఆనవాలు. కంపెనీ కంపెనీకీ భాష వేరు. రెండు పెట్టెలకీ మాట కుదరకపోతే డైకిన్ ‘యూ4’ అంటుంది, ఎల్‌జీ ‘సీహెచ్05’ అంటుంది. పక్కింటి ఏసీ అంకెకి చెప్పిన అర్థం మీ ఏసీకి అంటగట్టకండి. కొన్నిటికి అంకెలే ఉండవు, దీపం ఎన్నిసార్లు మిణుకుమందో లెక్కపెట్టాలి. పుస్తకంలో ఆ అంకెకి ‘సెన్సర్’ అని ఉంటే అది వేడి కొలిచే బుడిపె సంగతి. వేడెక్కేకొద్దీ కరెంటుకి దాని అడ్డు తగ్గాలి. తీగ తెగితే ఆ లెక్క తప్పుతుంది.

అంకె రాగానే రాసుకోండి. మెయిన్ స్విచ్ కట్టేసి పది నిమిషాలు ఆగి వెయ్యండి. కంప్రెసర్ అందుకోవడానికి మూడు నిమిషాలు పడుతుంది, ఈలోగా రిమోట్ మీద మొత్తుకోకండి. లోపలి పెట్టె జాలీ తీసి దుమ్ము కడగండి. గాలి ఆడకపోతే లోపల మంచు పేరుకుని లేనిపోని అంకెలన్నీ వస్తాయి. బయటి పెట్టె చుట్టూ అడ్డం లేకుండా చూడండి. అదే అంకె మళ్లీ వస్తే స్విచ్చితో ఆటలాపి పనివాణ్ని పిలవండి. బయటి పెట్టె మూత మాత్రం మీరు విప్పకండి, కరెంటు తీసేసినా అందులో కాసేపు షాకు దాగి ఉంటుంది.

వచ్చినవాడు మూత విప్పకుండానే గ్యాసు అంటే, “చిల్లు ఎక్కడుందో చూపించు బాబూ” అనండి. ఏసీతో వచ్చిన పుస్తకాన్ని అట్టపెట్టెతోపాటు పారెయ్యకండి, పంచాంగం పక్కన పెట్టుకోండి. మన తీరపు ఊళ్లలో ఏడాదికోసారి వేసవి రాకముందే ఆ తీగల కొసలు చూపించుకోండి. చిలుము పట్టిందంటే వదిలించుకోవాల్సిందే, బిందెకైనా ఏసీకైనా.