బోర్డు బాబాయ్

సర్కారు ఆఫీసన్నాక ఒక బోర్డు బాబాయ్ ఉండి తీరతాడు. రోడ్లు భవనాల శాఖ ఎలక్ట్రికల్ విభాగం మనిషో, ఔట్‌సోర్సింగ్‌లో చేరి పాతుకుపోయినవాడో అయివుంటాడు. జేబులో పెన్నుండదు, టెస్టరుంటుంది. హాజరు పట్టీలో సంతకానికి పక్కవాడి పెన్ను అడుగుతాడు. తన టెస్టరు మాత్రం కలెక్టరడిగినా ఇవ్వడు.

ఫ్యాను తిరగడం లేదని పిలిస్తే ఫ్యాను వంక చూడడు. స్విచ్‌బోర్డు మరలు విప్పి, లోపలికి తొంగిచూసి, "ఎవడండీ ఈ వైరింగు చేసింది?" అంటాడు. స్విచ్చు ఫేజు మీద ఉండాలి, న్యూట్రల్ మీద పెట్టాడు! ఇలాగైతే స్విచ్చు ఆపినా హోల్డరులో కరెంటు ఉంటుంది, బల్బు మార్చబోయినవాడి గతేం కాను? ఈ ప్రశ్న అడిగి, ఆ తెలియనివాడి చదువునీ పెంపకాన్నీ అరగంట ఏకిపారేస్తాడు. ఆ గదికి వైరింగు చేసిందెవరో సెక్షన్‌లో పాతవాళ్ళకి తెలుసు. ఆయన మొహం చూసి చెప్పరు.

అసలు యుద్ధమంతా మెయిన్ బోర్డు గది దగ్గర. ఆఫీసులో చోటు చాలదు కాబట్టి పాత ఫైళ్ళూ, కాలు విరిగిన కుర్చీలూ, ఎన్నికల్లో మిగిలిన అట్టపెట్టెలూ చల్లగా ఆ గదిలోకి చేరతాయి. బాబాయ్ వెంటనే టేపు తీస్తాడు. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 51వది ఆయనకి కంఠతా వచ్చు. బోర్డు ముందు కనీసం ఒక మీటరు ఖాళీ ఉండాలి. వెనక పక్క కనెక్షన్లు తెరిచి ఉంటే అక్కడి చోటు 20 సెంటీమీటర్లలోపైనా ఉండాలి, 75 దాటైనా ఉండాలి. మనిషి అసలు దూరకూడదు, దూరితే సుఖంగా మసలాలి. 2010లో కొత్త నిబంధనలొచ్చినా ఆ లెక్క మారలేదు. నిజం చెప్పాలంటే సర్కారు కాగితాల్లో ఇంత తెలివైన వాక్యం అరుదు.

సూపరింటెండెంటు గారికి ఇదంతా ఎక్కదు.

"ఏమయ్యా, వెనకాల అరవై సెంటీమీటర్లుందిగా, సర్దుకోలేవూ?"

"జానెడైనా ఫర్వాలేదు సార్, బారెడైనా ఫర్వాలేదు. మనిషి ఇరుక్కుపోయేది ఆ మధ్యలోనే."

బీరువా కదిలేదాకా ఆయన అక్కణ్ణుంచి కదలడు. విసుగు పుట్టిస్తాడు, కాదనలేం. కానీ ఆ విసుగు వెనకాల ఓ బిస్కట్ డబ్బా ఉంది. కాలిపోయిన ఫ్యూజు క్యారియర్లు, ఫ్యూజు వైరుకి బదులు ఎవరో మహానుభావుడు చుట్టిన లావుపాటి రాగి తీగలు, బస్‌బార్ల మధ్య ఎండిపోయిన బల్లి ఒకటి. కొత్త ఆఫీసరు ఛార్జి తీసుకున్న వారంలోగా ఆ డబ్బా ఆయన టేబుల్ మీదికి వెళుతుంది, ఎక్కువగా భోజనం వేళకే.

సెక్షన్‌లో ఎవరో ఇండక్షన్ పొయ్యి మీద పులుసు వేడిచేస్తారు. కరెంటు పోతుంది. "లోడుకి పడేది ఎంసీబీ అమ్మా, ఇప్పుడు పడింది ఆర్‌సీసీబీ. 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే చాలు, పడిపోతుంది. మీ పొయ్యిలో లీకుంది" అంటూ మొదలెడతాడు. ఏది పడితేనేం బాబాయ్, అన్నం చల్లారిపోతోందంటుంది ఆవిడ. పాఠం పూర్తయితే గాని స్విచ్చు పైకి లేవదు.

ఎండాకాలంలో రోజూ పొద్దున్నే ఆవరణలో మొక్క లేని పాదుకి బిందెడు నీళ్ళు పోస్తాడు. అది ఎర్త్ పిట్. రెండున్నర మీటర్ల జీఐ పైపు దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా నింపినది. మట్టి ఎండితే లీకైన కరెంటుకి భూమిలోకి దారి సరిగా దొరకదు.

"ఏం కాస్తుంది బాబాయ్ ఇది?" అని అటెండరు కుర్రాడి వేళాకోళం.

"నీ ప్రాణం కాస్తుందిరా."

దసరాకి ప్యానెల్‌కి పసుపూ కుంకుమా పెట్టేది ఆయనే. కలశం నీళ్ళు చల్లబోయిన పంతులుగారిని మీటరు దూరం జరగమనేదీ ఆయనే.

తనిఖీ రోజు మాత్రం పెళ్ళికూతురి తండ్రి. ఉతికిన చొక్కా, గుండెల్లో దడ. ఇన్‌స్పెక్టరు గారు మెయిన్ ఆపించి మెగ్గరు పెడతారు. 500 వోల్టులు, ఒక నిమిషం, ఒక మెగోమ్‌కి తగ్గకూడదు. తగ్గలేదు. రబ్బరు చాప ఉంది, ఇసుక బకెట్లో సిగరెట్ ముక్కల్లేవు, షాకు కొట్టినవాడికి ఏంచేయాలో చెప్పే పటం అద్దం కూడా తుడిచి ఉంది. మెయిన్ మళ్ళీ వేశాక ఇన్‌స్పెక్టరు గారు వరసగా లేబుళ్ళు చదువుతూ, 'స్పేర్' అని ఉన్న స్విచ్చు ఆపి చూశారు. పై అంతస్తులో తలుపు ధడాలున తెరుచుకుంది, కేకలు వినిపించాయి.

"స్పేర్ అని రాశావేమయ్యా?"

"స్పేరే సార్," అన్నాడు బాబాయ్, రెప్ప వేయకుండా. "ప్రస్తుతానికి అయ్యగారి ఏసీ దాని మీదుంది, అంతే."