బ్రేకు పక్కన నా జాగా

నేను ఈ కారుతో పుట్టలేదు. ఆ మాట ముందే చెప్పేయడం మంచిది, పాత కార్ల లోకంలో పుట్టుక పట్టింపు ఎక్కువ. కారు 1965 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్. ఆక్స్‌ఫర్డ్‌కి దగ్గర్లోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో తయారైంది. నేనేమో ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్ళకి, మిడ్‌లాండ్స్‌లో ఓ చిన్న వర్క్‌షాపులో, 6082 రకం అల్యూమినియం దిమ్మలోంచి బయటపడ్డాను. యాక్సిలరేటర్ మీద బిగించే పలకని. అసలు పెడల్ ఇనుముది, ఆబింగ్డన్‌దే, నా వెనకాలే ఉంది. తొక్కుడు మాత్రం నాకు.

సీఎన్‌సీ మిషను నన్ను చెక్కుతున్నంతసేపూ తెల్లటి కూలెంట్ ధారగా పడుతూనే ఉంది. అంచులు గుండ్రంగా తీర్చారు, ఒంటినిండా బెజ్జాలు తొలిచారు. బూటు అడుగు జారకుండా ఆ బెజ్జాల అంచుల్ని కాస్త పైకి లేపి వదిలారు. బరువు కూడా తగ్గుతుందని అమ్మేవాళ్ళు చెబుతారు. నా ఒంట్లో తగ్గేది ఎంత గనక? తొక్కే మనిషి పొద్దున ఒక ఇడ్లీ మానేస్తే అంతకంటే ఎక్కువ తగ్గుతుంది. చివర్న గంధకామ్లం తొట్టిలో వేలాడదీసి కరెంటు పెట్టారు. ఒంటి మీద గట్టి ఆక్సైడ్ పొర పేరుకుంది. ఆనోడైజింగ్ అంటే అదే. ఆ తర్వాత క్లచ్ పలక, బ్రేకు పలక, నేను ఒకే సంచిలో పడ్డాం. సంచి మీద 'రేసింగ్ పెడల్స్' అని రాసి ఉంది. మేం అప్పటికి రోడ్డు ముఖం కూడా చూడలేదు.

మమ్మల్ని కొన్న మొదటి యజమాని మంచివాడే, సోకు మనిషి. ఓ ఆదివారం కూర్చుని క్లచ్‌కీ బ్రేకుకీ ఉన్న పాత రబ్బర్లు తీయకుండానే వాటి మీద మా వాళ్ళని బిగించాడు. నాకు మాత్రం రెండు స్క్రూలు. తర్వాత ప్రతి ఆదివారం ఏదో ఒక పబ్బు వాకిట్లో పాత కార్ల జాతర. జనం తలుపు తీసి, వంగి, మమ్మల్ని చూసి ఆహా అనేవాళ్ళు. మమ్మల్ని తొక్కిన కాళ్ళకంటే ఫోటో తీసిన ఫోన్లే ఎక్కువ. 1964 మాంటె కార్లో ర్యాలీలో మోర్లీ అన్నదమ్ములు ఎంజీబీతో జీటీ విభాగం గెలిచిన కథ ఆయన ఎన్నిసార్లు చెప్పాడో! ఆయన బండి మాత్రం మూడో గేరు దాటి చెమటోడ్చిన రోజులు తక్కువ.

ఒక వాన రోజు సంగతి మరచిపోలేను. తోలు అడుగున్న బూట్లు తడిసి ఉన్నాయి. బ్రేకు మీది పలకకి అద్దంలా మెరుగు పెట్టారు, బెజ్జాలు కూడా తక్కువ. ఆయన గట్టిగా బ్రేకు తొక్కాడు. కాలు పక్కకి జారి తిన్నగా నా మీద పడింది. ఆగాల్సిన బండి ముందుకి దూకింది. ఎదురుగా ఉన్నది పొద కాబట్టి సరిపోయింది. ఇంగ్లండులో కార్లకి ఏటా జరిగే ఎంఓటీ తనిఖీలో బ్రేకు పెడల్‌కి జారని పట్టు ఉందా, అరిగి నున్నబడిందా అని చూస్తారు. అయితే 2018 మే నుంచి నలభై ఏళ్ళు దాటిన కార్లకి, పెద్ద మార్పులు చేయకపోతే, ఆ తనిఖీ తప్పనిసరి కాదు. మా బండి ఆ లెక్కలో తప్పించుకుంది. కాబట్టి మమ్మల్ని అడిగే నాథుడు లేడు.

ఇంతకీ పెడళ్ళ వరుస మొదటినుంచీ ఇలా లేదు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీకి మూడు పెడళ్ళు ఉండేవి, అందులో యాక్సిలరేటర్ లేదు. అది స్టీరింగ్ దగ్గర చేతి మీట. నడిమి పెడల్ తొక్కితే బండి వెనక్కి పోయేది! 1920ల నాటి బెంట్లీల్లో యాక్సిలరేటర్ నడుమ, బ్రేకు కుడి చివర. ఇవాళ్టి డ్రైవర్ని అందులో కూర్చోబెడితే మొదటి మలుపులోనే పని అయిపోతుంది. క్లచ్, బ్రేకు, యాక్సిలరేటర్ అనే ఇప్పటి వరుస 1916 కాడిలాక్‌లో కనబడింది, 1922లో వచ్చిన ఆస్టిన్ సెవెన్‌తో ఇంగ్లండులో ఇంటింటికీ చేరింది. బ్రేకు పక్కన నాకు జాగా దొరికింది అలాగ.

కొన్నేళ్ళకి కారు చేతులు మారింది. కొన్నది గ్లాస్టర్‌షైర్‌లో ఉండే ఓ మత్తుమందు డాక్టరు గారు. తిరుపతి మనిషి. ఆయనకి ఫోటోల పిచ్చి లేదు, కొండ పిచ్చి ఉంది. చెల్టెన్‌హామ్ దగ్గర ప్రెస్కాట్ అనే చోట బుగాటి ఓనర్స్ క్లబ్బు వాళ్ళకి సొంత కొండ దారి ఉంది. 1938 నుంచి అక్కడ పోటీలు. ఒక్కొక్క కారే ఎక్కాలి, గడియారంతోనే పోటీ. దారి పొడవు 1,127 గజాలు. ఆర్చర్డ్, ఎటోర్స్ మలుపులు దాటాక పార్డన్ అనే మెడ తిప్పుడు వస్తుంది. ఎక్కుడు మీదే దాదాపు వెనక్కి తిరగాలి. మా బండి అక్కడ ఒకటో గేరుకి రావాలి.

చిక్కంతా అక్కడే. 1967కి ముందు ఎంజీబీల్లో ఒకటో గేరుకి సింక్రోమెష్, అంటే గేరు వేగాల్ని తనంతట తానే కలిపే అమరిక, లేదు. రెండో గేరు నిష్పత్తి 2.21, ఒకటోది 3.64. అంటే రెండో గేరులో ఇంజను 2,500 చుట్లు తిరుగుతుంటే, అదే వేగంతో ఒకటో గేరు పడాలంటే 4,100 దాకా తిరగాలి. ఆ తేడా ఎవరో ఒకరు పూడ్చాలి. పూడ్చేది నేను. క్లచ్ తొక్కి గేరు న్యూట్రల్‌కి తేవాలి, క్లచ్ వదలాలి, నా మీద ఒక్క రేజ్ ఇవ్వాలి, మళ్ళీ క్లచ్ తొక్కి ఒకటో గేరు వేయాలి. ఇదంతా బ్రేకు వదలకుండా. కుడికాలి ముందు భాగం బ్రేకు మీద నిలిపి, పాదం కుడి అంచుని నా మీదకి వాల్చాలి. హీల్ అండ్ టో అని పేరు పెట్టుకున్నారు గానీ, ఈ బండిలో మడమకి అందులో పనే లేదు.

డాక్టరు గారు మొదటిసారి పార్డన్ దగ్గర పాదం వాల్చారు. నాకు తగలలేదు. ఇంకాస్త వాల్చారు. బ్రేకు మీద కాలు సడలింది, నేనింకా అందలేదు. గేరు కర్ర్‌మని ఏడ్చింది. మలుపులో కూర్చున్న జనం పళ్ళు బిగించడం కనబడింది. రెండో గేరులోనే ఈడ్చుకుంటూ పైకి పోయాం.

తప్పు ఆయన కాలిది కాదు. ఈ కార్లలో యాక్సిలరేటర్ బ్రేకు కన్నా చాలా లోతుగా ఉంటుంది. ఆ లోతు తగ్గించడానికే మాలాంటి పలకలు పుట్టాయి. మరి ముగ్గురు ఉన్న సెట్టులో ఏం జరిగింది? నేను ఎంత మందమో బ్రేకు మీది పలకా అంతే మందం. ముగ్గురమూ ఒకే ఎత్తు లేచాం, మా మధ్య లోతు ఉన్నచోటే ఉంది. డబ్బులు పోసి కొన్నది మెరుపొక్కటే. ఇంత చిన్న లెక్క, చేసినవాడికీ తట్టలేదు, బిగించినవాడికీ తట్టలేదు. నాకు తెలుసు, నాకు నోరు లేదు.

ఆ ఎండాకాలం డాక్టరు గారి నాన్న వచ్చారు. ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరైన మనిషి, తిరుమల ఘాటు మీద లేలాండ్ బస్సు నడిపినాయన. గరాజ్‌లోకి వస్తూనే చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, కారు చుట్టూ ఓసారి తిరిగారు.

"ఎవురు చేసిందిరా ఇది?"

"ఎంజీ వాళ్ళు నాయనా. 1968లో లేలాండ్ కిందికే పోయింది ఆ కంపెనీ."

"అట్లనా! అయితే మన చుట్టమే." నిజమే మరి. మద్రాసు అశోక్ మోటార్స్‌లో లేలాండ్ వాళ్ళు వాటా తీసుకున్నాకే, 1955లో అది అశోక్ లేలాండ్ అయింది.

మోకాళ్ళు పట్టుకుని, తలుపు పట్టుకుని, ఎలాగో సీట్లో కూలబడ్డారు. "ఇంత కిందుగా కూచుంటే రోడ్డు ఎట్ల కనపడతాదిరా?" అంటూనే వట్టికాలు నా మీద పెట్టారు. వట్టికాలు నాకు అదే మొదలు. మడమ పగుళ్ళు, అరికాల్లో రాయిలాంటి కాయ, బొటనవేలు బెజ్జం అంచుని తడిమి చూడడం. ఏళ్ళ తరబడి క్లచ్, బ్రేకు తొక్కిన పాదమది. నొక్కలేదు, ఊరికే బరువు పెట్టి చూసింది.

"ఈ బొక్కలెందుకు?"

"జారకుండా నాయనా."

"జారకూడదంటే బ్రేకుకి కదా ఉండల్ల. అది చూస్తే వెన్నపూసినట్ల ఉండాది." తర్వాత బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుని, వంగి మా ఇద్దరి వంక చూశారు. ఈ కారుకి బ్రేకు సర్వో లేదు కాబట్టి ఇంజను ఆపి ఉన్నా బ్రేకు అదే లెక్కన దిగుతుంది. ఎత్తు చూడాల్సింది అలాగే, బ్రేకు తొక్కి పట్టినప్పుడు. ఊరికే ఉన్నప్పుడు చూసి సర్దితే, తొక్కినప్పుడు నేను బ్రేకు కన్నా పైకి వచ్చి, ఆగబోయే మనిషి ఇద్దరినీ కలిపి తొక్కేస్తాడు.

"అమ్మా, దేవుడి దగ్గర అగ్గిపెట్టె ఉంటే తీసుకురామ్మా," అని లోపలికి కేకేశారు. కోడలు తెచ్చిచ్చి, "ఇక్కడ అంటించద్దు మామా, పెట్రోలు వాసన కొడతాంది," అంది. అంటించడానికి కాదు, కొలతకి. బ్రేకు దిగి నిలిచాక దానికీ నాకూ మధ్య అగ్గిపెట్టె పడుకోబెట్టినంత తేడా ఉండాలి, అంతే. "అంతకి మించితే కాలు ఎతుక్కోవల్ల. తగ్గితే తగులుకుంటాది."

స్క్రూలు విప్పి నన్ను తీశారు. నా వెనక తెల్లటి పొడి. అల్యూమినియం, ఇనుము ఒకదాన్నొకటి అంటుకుని ఉండగా తడి తగిలితే అల్యూమినియం తినుకుపోతుంది, అందులోనూ చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు తడి. పాత టూత్‌బ్రష్‌తో గీకి, గ్రీజు రాసి, కింద నైలాన్ వాషర్లు వేసి, నన్ను ఎత్తుగా, బ్రేకు వైపుకి కాస్త ఒరిగేట్టు బిగించారు. పొడుగు స్క్రూలు, వదులు కాకుండా నైలాన్ పొర ఉన్న నట్లు. తర్వాత పెద్దాయన నన్ను నేలదాకా తొక్కి పట్టారు, డాక్టరు గారు బానెట్ ఎత్తి రెండు ఎస్‌యూ కార్బురేటర్లూ పూర్తిగా తెరుచుకున్నాయా అని చూశారు. ఒకటి కొంచెం వెనకబడితే లింకు సర్దారు. కార్పెట్ మడత నాకు అడ్డు రాకుండా కోసేశారు. ఈ చివరి రెండు పనులూ ఎవరూ చేయరు, చేయకపోతే ఏమవుతుందో నా జాతివాళ్ళని అడగండి.

బ్రేకు పలక, క్లచ్ పలక ఆ సాయంత్రమే ఊడాయి. కింద పాత రబ్బర్లు ఎండి పగిలి ఉంటే, కొత్తవి తెప్పించి వేశారు. నాతో ఒకే సంచిలో వచ్చిన వాళ్ళిద్దరూ ఇప్పుడు బిస్కెట్ డబ్బాలో, పాత స్పార్క్ ప్లగ్గుల మధ్య ఉన్నారు. మేం ముగ్గురం ఒకే సెట్టు కదా, నన్నొక్కదాన్నే ఎందుకుంచారని పబ్బు వాకిట జనం అడిగితే డాక్టరు గారికి జవాబు చెప్పడానికి చాలాసేపు పడుతుంది.

ఆ తర్వాత కొన్ని రోజులు తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద తండ్రీ కొడుకుల సాధన. పెద్దాయన పక్క సీట్లో. "క్లచ్ వదిలినావా? ఇప్పుడు రేజ్. అంత గట్టిగా కాదబ్బా, బస్సులో ముసలోళ్ళు ఉండారనుకో." ఘాటు దిగేటప్పుడు బ్రేకుల మీదే భారం వేస్తే అవి కాగిపోయి పట్టు వదిలేస్తాయి, ముందే చిన్న గేరుకి తేవాలి, గేరుపెట్టె సింక్రో లేనిదైతే ఇలా రెండుసార్లు క్లచ్ తొక్కే డబుల్ క్లచ్ తప్ప దారి లేదు. ప్రెస్కాట్‌లో దొరలు విద్య అని మురిసిపోయేది ఆయనకి రోజువారీ డ్యూటీ. నా మీద వాలే పాదం నాలుగు రోజుల్లో తేలికైంది. మొదట్లో నన్ను తన్నేది, తర్వాత తట్టేది.

మళ్ళీ ప్రెస్కాట్. పెద్దాయన పార్డన్ మలుపు దగ్గర గడ్డి మీద, మఫ్లర్ చుట్టుకుని, ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎటోర్స్ దాటి పైకి వస్తున్నాం. కాలు బ్రేకు మీద దిగింది, నేను ఎక్కడుండాలో అక్కడున్నాను. పాదం అంచు వాలింది, ఇంజను ఒక్కసారి గట్టిగా అరిచింది, ఒకటో గేరు చప్పుడు లేకుండా పడింది. బండి మలుపులో తిరిగి, ఎస్సెస్ అనే తర్వాతి మలుపుల వైపు లాక్కుపోయింది.

సాయంత్రం డాక్టరు గారు కాగితం మీద టైము చూపించారు. మనవరాలు చప్పట్లు కొట్టింది. పెద్దాయన కళ్ళద్దాలు సవరించుకుని, కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివారు.

"మొత్తం దారి ఎంతరా ఇది?"

"కిలోమీటరు నాయనా. కొంచెం ఎక్కువే."

"మా ఘాటు పద్దెనిమిది. అదీ ఫుల్ లోడుతో," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.