పొట్టలో దాక్కున్న గాలిమర

విమానం సవ్యంగా ఎగిరినన్నాళ్లూ నాకు పని లేదు. బోయింగ్ 767 పొట్ట దగ్గర, మూత వెనక ముడుచుకుని పడి ఉండటమే నా ఉద్యోగం. పూర్తి పేరు రామ్ ఎయిర్ టర్బైన్. మెకానిక్కులు ముద్దుగా ర్యాట్ అంటారు. తనిఖీకి బయటికి లాగి, తిప్పి చూసి, మళ్లీ లోపలికి నెట్టేస్తారు.

అసలు పని పడింది 1983 జూలై 23న, కెనడా ఆకాశంలో. ఇంధనం లెక్కలో కిలోలూ పౌండ్లూ కలగాపులగమై, కావలసినదాంట్లో సగం కూడా నింపకుండానే బయల్దేరాం. 41,000 అడుగుల ఎత్తున హెచ్చరికలు మొదలయ్యాయి. కాసేపటికి రెండు ఇంజన్లూ ఆగాయి, కాక్‌పిట్‌లో తెరలు నల్లబడ్డాయి. అప్పుడు తెరుచుకుంది నా మూత.

ఎదురుగాలి నన్ను గిర్రున తిప్పింది, నేను హైడ్రాలిక్ పంపును తిప్పాను. పైలట్ రాబర్ట్ పియర్సన్ మాట విమానం విన్నదంటే ఆ ఒత్తిడి చలవే. మిగిలిన కాసిని మీటర్లకు బ్యాటరీ దిక్కయింది. 787లో ఉండే మా తమ్ముడైతే కరెంటు కూడా పుట్టిస్తాడు.

ఇంజన్లే ఆగిపోతే ఎదురుగాలి ఎక్కడిదంటారా? ఎత్తును కరిగిస్తే వచ్చింది. విమానం కిందికి జారుతూ వేగం నిలుపుకుంటుంది, అందులోంచి నా వాటా నేను పుచ్చుకుంటాను.

చివరికి గిమ్లీలోని పాత సైనిక రన్‌వే కనిపించింది. దిగాలంటే వేగం తగ్గాలి, వేగం తగ్గితే నాకు నీరసం. నేల దగ్గరపడి కంట్రోళ్లు చురుగ్గా ఉండాల్సిన వేళే అవి మొరాయించాయి. పైగా ఆ రన్‌వే మీద ఆ రోజు కార్ల రేసులట! ముందు చక్రం మడతపడి, ముక్కు నేలకు రాసుకుంటూ ఆగాం. 69 మందీ బతికారు. రిపేరయ్యాక మా విమానం 2008 దాకా ఎగిరింది.

ఇంత చేశానని ఇప్పుడు ఎలక్ట్రిక్ కారు టాపు మీద నన్ను బిగించి, పరుగులోనే బ్యాటరీ ఛార్జ్ చేసుకుంటామంటారు కొందరు. బాబూ, అక్కడ కరిగించడానికి ఎత్తేదీ? ఆ గాలిని పుట్టించేది మీ బ్యాటరీయే. గాలిలోని శక్తిలో 59.3 శాతానికి మించి ఏ గాలిమరా పట్టలేదని జర్మనీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ ఏనాడో లెక్క కట్టాడు. ఆ గరిష్ఠం అందుకున్న గాలిమర కూడా, గాలి కదలని రోజున, కారు మీద 300 వాట్ల అదనపు భారం మోపి 200 వాట్లు తిరిగిస్తుంది. మోటారులో, ఛార్జింగులో పోయేది వేరే. దిగుడు రోడ్డులో ఎలాగూ బ్రేకు వేయాలి కదా అంటే, అక్కడ కారు మోటారే జనరేటరుగా మారి నాకంటే బాగా సంపాదిస్తుంది.

లంగరేసిన పడవల మీద మా వాళ్లు హాయిగా బ్యాటరీలు నింపుతున్నారు, అక్కడ వీచేది సొంత గాలి. మీ కారు కూడా ఏ సముద్రపుటొడ్డునో ఆగితే రమ్మనండి, వస్తాను. బయల్దేరేముందు మాత్రం విప్పి డిక్కీలో పెట్టండి.