జాకెట్టు గుడ్డ లెక్క

(తెనాలిలో ఒక చీరల కొట్టు. ఆషాఢం ఆఫరు బ్యానరు సగమే కట్టారు. గల్లాపెట్టె దగ్గర షావుకారు, పక్కన బిల్లుబుక్కుతో ముసలి గుమాస్తా. ఎదురుగా పరుపుకి ఒక చివర పేపరు ఏజెంటు, ఇంకో చివర రీల్స్ కుర్రాడు. ప్రకటనలకి ముప్పైవేలు తీసిపెట్టారని ఇద్దరికీ ఎలాగో తెలిసిపోయింది.)

ఏజెంటు: రంగుల్లో పావుపేజీ పడాల్సిందే షావుకారుగారూ. మెయిన్ ఎడిషన్ అయితే శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా మీ పేరు మోగిపోతుంది.

షావుకారు: శ్రీకాకుళం నుంచి జాకెట్టు గుడ్డకి ఎవరొస్తారయ్యా?

కుర్రాడు: అసలు పేపరు ఎవరు చూస్తున్నారంకుల్? మన పట్టుచీర రీలుకి నలభైవేల వ్యూస్!

షావుకారు: అందులో తెనాలివాళ్ళెందరు?

కుర్రాడు: (ఫోను పైకీ కిందకీ తోస్తూ) కువైట్, హైదరాబాదు, బెంగళూరు... తెనాలీ ఉందంకుల్, బాగా కింద.

షావుకారు: (ఏజెంటుతో) నువ్వు నవ్వకు. నీ శ్రీకాకుళం, వీడి కువైట్, నా కొట్టుకి రెండూ ఒకటే దూరం.

ఏజెంటు: పోనీ జిల్లా పేజీలో వేద్దాం. పైగా మాకు జీఎస్టీ 5 శాతమే, ఆన్‌లైన్‌కి 18.

షావుకారు: జీఎస్టీ ఇన్‌పుట్‌లో తిరిగొస్తుందిలే. నా బాధ తిరిగిరాని డబ్బు గురించి.

ఏజెంటు: పేపరుకున్న పరువు వేరండీ. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి అమృతాంజనం పేపరు వల్లే కదా...

గుమాస్తా: వరస తిరగేశారు. అమృతాంజనం 1893లో, ఆంధ్రపత్రిక 1908లో. మందు అమ్మిన డబ్బుతో ఆయన పేపరు పెట్టారు. మొదట్లో మందుని సంగీత కచేరీల్లో ఊరికే పంచేవారని చెబుతారు.

కుర్రాడు: ఫ్రీ శాంపిల్! అప్పట్లోనే ఎంగేజ్‌మెంట్!

గుమాస్తా: తలనొప్పి ఉన్నచోటికి మందు పట్టుకెళ్ళడం నాయనా. (బిల్లుబుక్కు వెనక అట్ట చూపిస్తూ) పోయిన ఆషాఢానికి కరపత్రం మీద ‘ఇది తెస్తే జాకెట్టు గుడ్డ ఉచితం’ అని వేయించాను. ఐదువేలు పేపర్లలో పెట్టిస్తే తిరిగొచ్చినవి నూటపన్నెండు. వచ్చినవాళ్ళు అమ్మలూ అత్తలూ. శ్రావణం పెళ్ళిళ్ళకని ఐదారేసి చీరలు కట్టించుకున్నారు. రీలు చూపించి గుడ్డ పట్టుకెళ్ళినవాళ్ళు ముప్పైనాలుగు మంది. ఒక్కటే చీర, అదీ ఫోనులో కనిపించిన రంగే కావాలని పేచీ.

ఏజెంటు: విన్నారా!

గుమాస్తా: ఆగండి. మీ పావుపేజీ చూసి వచ్చామన్నది ముగ్గురు. అందులో ఒకరు మీ బావమరిది.

(ఏజెంటు టీ గ్లాసు తీసుకుంటాడు. అది ఎప్పుడో ఖాళీ అయింది.)

కుర్రాడు: తెనాలి చుట్టూ పది కిలోమీటర్లకే బూస్ట్ పెట్టొచ్చంకుల్.

షావుకారు: మరి ఇన్నాళ్ళూ పెట్టలేదేం?

కుర్రాడు: కువైట్‌లో లైకులు ఎక్కువ పడతాయి కదా!

షావుకారు: పావుపేజీ వద్దు. కరపత్రాలకి పదిహేను వేలు. పది కిలోమీటర్ల లోపు రీలుకి ఎనిమిది. మిగతా ఏడూ జాకెట్టు గుడ్డలకి.

(జాకెట్టు గుడ్డల మీద కమీషను రాదు కాబట్టి ఇద్దరూ మొహమొహాలు చూసుకుంటారు. ఇంతలో ఫోను మోగుతుంది. గుమాస్తా ఎత్తుతాడు.)

గుమాస్తా: ఆఁ... చెప్పండమ్మా... పశువుల ఆసుపత్రి దగ్గరా? కాదమ్మా, అక్కణ్ణుంచి మారి రెండేళ్ళయింది... మూసెయ్యలేదమ్మా, కూర్చునే ఉన్నాం. (ఫోను పెట్టేసి) పెళ్ళిచీరల బేరం అయ్యగారూ. మ్యాపు ఆవిణ్ణి పాత కొట్టు దగ్గరికి తీసుకెళ్ళి, ‘శాశ్వతంగా మూసివేయబడింది’ అని చెప్పిందట.

షావుకారు: రెండేళ్ళుగానా! అది దిద్దడానికి ఎంతవుతుందిరా అబ్బాయ్?

కుర్రాడు: (నసుగుతూ) ఫ్రీ అంకుల్. అందుకే చెప్పలేదు.