నేను మిగిల్చిన పైసలు

నేను హోల్డాలును. చక్రాల సూట్‌కేసులు వచ్చాక పుట్టినవాళ్లలో నన్ను చూసినవాళ్లు తక్కువ. మందపాటి ఖాకీ కాన్వాసు, రెండు చివర్లా లోతైన జేబులు, చుట్టి బిగించడానికి తోలు పట్టీలు, మోయడానికి ఒక పిడి. ఇంతే నా ఒళ్లు. చుడితే సామాను, విప్పితే పక్క. నన్ను ఎవరు కుట్టారో నాకు తెలియదు. సికింద్రాబాద్ బజారులో ఒక దుకాణం ముందు వేలాడుతుంటే బోధన్ నుంచి వచ్చిన ఒకాయన బేరమాడి కొని భుజాన వేసుకున్నాడు. నా బతుకు అక్కడి నుంచే మొదలు. తర్వాతి రోజుల్లో ఇంటిల్లిపాదీ ఆయన్ని తాత అన్నారు కాబట్టి నేనూ తాత అనే అంటాను.

తాత బోధన్ శక్కర్‌నగర్‌లోని చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయి కాలువ నీళ్లు పారాక బోధన్ చుట్టూ చెరుకు పరుచుకుంది. ఆ చెరుకును నమ్ముకుని 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. మరుసటి ఏడే జానకంపేట నుంచి బోధన్‌కు రైలు పట్టాలు పడ్డాయి. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ మాది అని గర్వంగా చెప్పుకున్న ఊరు అది. చలికాలం క్రషింగు మొదలైతే చెరుకు బండ్లు బారులు తీరేవి, గాలి నిండా మొలాసిస్ వాసన. అలాంటి రోజుల్లో కూడా కొడుక్కు వాలీబాల్ పోటీ ఉందంటే తాత తోటివాళ్లతో డ్యూటీ మార్చుకుని బయలుదేరేవాడు.

ఫిట్టరు జీతంతో ఆట వెంట తిరగడం తేలిక కాదు. తాలూకా పోటీ ఊళ్లోనే అయిపోతుంది. జిల్లా పోటీకి నిజామాబాద్ పోవాలి. రాష్ట్ర పోటీ అంటే హైదరాబాదో వరంగలో, ఒక్కోసారి గోదావరి ఆ చివర రాజమండ్రో. పిల్లవాడు ఎంత గెలిస్తే తండ్రికి అంత దూరం, అంత ఖర్చు. ఓడినవాడి ఇంట్లో పైసలు మిగులుతాయి, గెలిచినవాడి ఇంట్లో కరుగుతాయి. తాత ఈ సంగతి మొదటే పట్టుకున్నాడు. నా జేబులో ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని దారి, తిండి, పక్క అని మూడు గీతలు గీశాడు. ఏ పోటీకి పోయినా ఆ మూడింటి కింద లెక్క రాసేవాడు.

పక్క లెక్క నాది. పై ఊళ్లో జట్టు పిల్లలకు బడి గదుల్లో బస ఇస్తారు. వెంట వచ్చిన తల్లిదండ్రుల సంగతి ఎవరూ పట్టించుకోరు. వాళ్లు లాడ్జి వెతుక్కోవాలి. తాత పీఈటీ సారును అడిగి బడి వరండాలో ఒక మూల సంపాదించేవాడు. నన్ను విప్పి పరిస్తే లోపల పలచటి పరుపు, రెండు దుప్పట్లు, దిండ్లకు బదులు చుట్టిన బట్టలు. కింది బండల చలి నా కాన్వాసు దాటి పైకి వచ్చేది కాదు. ఒక పక్క తాత, ఇంకో పక్క నాయినమ్మ, నడుమ నెట్టు, మోకాలి పట్టీలు, బూట్లు. "గా లాడ్జి పైసలతోని ఇంకో పోటీకి పోయి రావొచ్చు" అనేవాడు తాత. ఊరికే అనలేదు. ఆ నోటుబుక్కులో లాడ్జికి పెట్టని డబ్బును కింద వేరుగా రాసి, మళ్లీ పోటీ వచ్చినప్పుడు అందులోంచే టికెట్టు కొనేవాడు. నేను మోసిన పరుపు కంటే నేను మిగిల్చిన ఆ డబ్బే నాకు గొప్ప.

దారి లెక్కకు కూడా నా జేబే దిక్కు. పోటీలకు పోయే ఆటగాళ్లకు రైలులో సెకండ్ క్లాసు, స్లీపరు టికెట్ల మీద 75 శాతం రాయితీ ఉండేది. ఆ కాగితం మీద సంతకాలు, ముద్రలు సరిగా పడ్డాయో లేదో రెండుసార్లు చూసి తాత నా జేబులో దాచేవాడు. రాయితీ కొడుకుదే, తల్లిదండ్రులకు పూర్తి టికెట్టే. అయినా ముగ్గురిలో ఒకరి ఖర్చు నాలుగో వంతుకు దిగితే అది ఆ ఇంటికి చిన్న మాట కాదు. సామాను గురించి ఆయనకు బెంగ ఉండేది కాదు. సెకండ్ క్లాసులో మనిషికి 35 కిలోలు, స్లీపరులో 40 కిలోలు ఉచితం. ఇంటిల్లిపాది పక్కలూ, ఆట సామానూ నాలో పెట్టి చుట్టినా ఆ బరువు దాటేది కాదు.

తిండి నాయినమ్మ చూసుకునేది. ఆమె సద్ది కట్టిందంటే రెండు రోజులకు సరిపోవాలి. జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, పులిహోర, వేయించిన పల్లీలు, బెల్లం. పెరుగన్నం మాత్రం మొదటి పూటకే. చక్కెర ఊరి మనిషి కదా, ఆమె దగ్గర ఇంకో ఉపాయం కూడా ఉండేది. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి సీసా నింపేది. చెమటోడ్చిన పిల్లలకు అది తాగిస్తే కళ్లు తేటపడేవి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇంట్లో చేసుకొమ్మని డాక్టర్లు చెప్పే కొలత కూడా అదే. ఇవాళ మైదానం పక్కన రంగురంగుల సీసాలు కొనే తల్లులకు ఈ కొలత చెప్పాలని నాకు ఎంతో కోరిక.

తాతను పిసినారి అనుకోవద్దు. ఇంకో మూడింటి మీద మాత్రం కోత పెట్టనిచ్చేవాడు కాదు. బూట్లు అరిగితే అప్పు చేసైనా కొత్తవి. ఆట ముందు రాత్రి పిల్లవాడి నిద్ర చెడకూడదు. అందుకని రాత్రంతా నిలబడి పోయే ప్రయాణం పెట్టుకోకుండా ఒక పూట ముందే చేరుకునేవాడు. మూడోది మంచి నీళ్లు. "దారిలో మిగిల్చాలె గని పిల్లగాని ఒంట్లో మిగిల్చొద్దు" అనేవాడు. ఏది తగ్గించాలో, ఏది తగ్గించకూడదో ఈ ఒక్క మాటలో ఉంది.

ఇక నా బాధ చెప్పుకుంటాను.

తాత ముసలివాడయ్యాడు. కొడుక్కు నిజామాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ చలికాలం సైరను కూత వినపడకపోతే తాత పొద్దున్నే లేచి వాకిట్లో ఊరికే కూర్చునేవాడు. ఆయన పోయాక ఇంట్లో నా పని అడిగే మనిషి లేకుండా పోయాడు. నాయినమ్మ నన్ను ఎండలో వేసి దులిపి, తోలు పట్టీలకు కొబ్బరినూనె రాసి దాచింది. ఆమె చెయ్యి ఆగిపోయాక నూనె లేదు, ఎండా లేదు. చక్రాల పెట్టెలు వచ్చాయి. నన్ను సజ్జ మీద పడేశారు.

సజ్జ మీద ఒక్కదాన్నే పడి ఉన్నందుకు నేను ఏడవలేదు. అడిగినవాళ్లకల్లా ఇచ్చినందుకు ఏడ్చాను. ఒక పెళ్లికి పోయి నూనె మరకలతో వచ్చాను. ఒక తీర్థానికి పోయి తడిసి వస్తే అలాగే చుట్టి పెట్టారు, లోపల బూజు పట్టింది. ఎలుకలు జేబు మూల కొరికాయి. తాత నోటుబుక్కు అందులోనే ఉంది. దాన్ని ఎవరూ బయటికి తీయలేదు, కాగితం తునకలు తునకలైంది. ఎప్పుడో గ్యాస్ సిలిండరు కదలకుండా కట్టడానికి ఒక తోలు పట్టీ కోసుకున్నారు. స్కూటరు మీద బియ్యం బస్తా బిగించడానికి రెండోది. పిడి ఊడిపోయింది. చివరికి కొడుకు నన్ను పొలానికి తెచ్చి బోరు మోటారు స్టార్టరు డబ్బా మీద వాన పడకుండా కప్పి రాయి పెట్టాడు. పక్కనంతా చెరుకే. కానీ ఇది మోసే పని కాదు, విప్పి పరిచే పని కాదు. మనిషి వీపు తగలక ఎన్నాళ్లయిందో.

ఇదైనా ఓర్చుకునేదాన్ని. నాకు ఓర్వరానిది నిరుడు ఈ మోటారు దగ్గరే విన్నాను. తాత మనవరాలు ఫుట్‌బాల్ ఆడుతుంది, గోల్‌కీపరు. జిల్లాలో గెలిచింది, రాష్ట్ర పోటీకి జట్టులో పేరు వచ్చింది. తండ్రి మోటారు వేస్తూ కూతురితో అన్నాడు: "మొన్న కారుకు, లాడ్జికి అయిన ఖర్చు ఇంక తేరుకోలే బిడ్డా. ఈసారి మేం రాలేం. నువ్వు సారుతోని పోయిరా." ఆ పిల్ల, "మంచిది నాయినా" అని తల వంచుకుని బూటుతో మట్టి తన్నింది. వాలీబాల్ ఆడిన రోజుల్లో తన వెనక తల్లిదండ్రులు ఎలా వచ్చారో ఆ తండ్రికి గుర్తు రాలేదు. తన పోటీల దారి డబ్బు ఈ కాన్వాసు జేబులోంచే వచ్చిందని నేను చెప్పలేను కదా.

నాకు నోరుంటే అతనితో ఇలా అనేదాన్ని. అయ్యా, తాత రోజులకంటే ఇప్పుడు దారులు ఎక్కువ. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో రాష్ట్రంలో ఎక్కడికైనా ఆడవాళ్లకు, ఆడపిల్లలకు టికెట్టు సున్నా. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. నీ భార్యా బిడ్డా హైదరాబాద్ దాకా ఒక్క రూపాయి పెట్టకుండా పోవచ్చు. నువ్వు ఒక్కడివే టికెట్టు కొనాలి. నాందేడ్ వైపు పోటీ ఉంటే సాలూర దగ్గర రాష్ట్రం దాటేదాకా ఉచితమే, ఆ తర్వాతి దూరానికే డబ్బు. నాందేడ్‌లో హజూర్ సాహిబ్ గురుద్వారా యాత్రీ నివాసాలు ఉన్నాయి, ఎవరొచ్చినా లంగరులో అన్నం పెడతారు.

రైలంటే ఆటగాళ్ల రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది, ఆ మాట నిజం. అందుకే మిగిలినవి జాగ్రత్తగా వాడుకోవాలి. ఐదు నిండి పన్నెండు నిండని పిల్లలకు బెర్తు అడగకపోతే సగం టికెట్టే. బెర్తు అడిగితే 2016 ఏప్రిల్ నుంచి పూర్తి చార్జీ. అరవై రోజుల ముందే రిజర్వేషన్ తెరుచుకుంటుంది. కానీ ఆటల తేదీలు అంత ముందు చెప్పరు. చెప్పిన రోజే కొనాలి. ఆలస్యం చేస్తే తత్కాల్ గతి, స్లీపరులో మనిషికి వంద నుంచి రెండు వందల దాకా అదనం. తిరుగు ప్రయాణానికి మాత్రం తత్కాల్ వద్దు. మొదటి రోజే ఓడితే ముందే రావాలి, ఫైనలు చేరితే ఆగాలి. ఖాయమైన తత్కాల్ టికెట్టు వద్దనుకుంటే పైసా తిరిగి రాదు. రావడానికి బస్సును నమ్ముకో. పెద్దపల్లి లైను 2017లో పూర్తయ్యాక కరీంనగర్ వైపు కూడా నిజామాబాద్ నుంచి రైలు దారి ఉంది.

బస్సూ రైలూ కుదరని ఊరైతే ఇంటికో కారు తీయకండి. జట్టులో నలుగురైదుగురు పిల్లల ఇళ్లవాళ్లు కలిసి ఒక తుఫాను బండి మాట్లాడుకోండి, డీజిల్ పంచుకోండి. తల్లులందరికీ కలిపి ఒక సత్రం గది చాలు. మీ సద్ది, పక్కింటివాళ్ల సద్ది కలిస్తే పిల్లలకు నాలుగు రకాల తిండి. నేను చూసిన పోటీల్లో స్నేహాలు కుదిరింది లాడ్జి గదుల్లో కాదు, వరండాల్లో.

ఈ నేల పిల్లల్ని తక్కువ అనుకోవద్దు. నిజామాబాద్‌లో పుట్టిన నిఖత్ జరీన్ 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ చాంపియన్ అయింది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో సీనియర్ ప్రపంచ పతకాలు, రెండూ బంగారమే. యెండల సౌందర్య హాకీలో, గుగులోత్ సౌమ్య ఫుట్‌బాల్‌లో దేశానికి ఆడారు. ప్రపంచ పతకం దాకా పోయే దారి కూడా జిల్లా మైదానాల నుంచే, బస్టాండ్ల నుంచే మొదలవుతుంది. ఆ మొదటి మెట్ల దగ్గర ఖర్చుకు భయపడి ఎన్ని ఇళ్లు ఆగిపోతున్నాయో తలుచుకుంటే నా చిరిగిన జేబు ఇంకా చిరుగుతుంది.

నన్ను మళ్లీ ఎత్తుకోమని అడగను. నా పట్టీలు తెగాయి, నా కాన్వాసు ఎండకు పెళుసైంది. నాకంటే తేలికైన సంచీలు బజారులో ఉన్నాయి, అందులో రెండు దుప్పట్లు పెట్టుకుంటే చాలు. కానీ తాత గీసిన మూడు గీతలు మళ్లీ గీయండి. దారిలో, పక్కలో, తిండిలో మిగిలిన ప్రతి రూపాయీ పక్కకు తీసి అది వచ్చే పోటీదని రాసుకోండి. బూట్లలో, నిద్రలో, నీళ్లలో మాత్రం కోత పెట్టకండి. ఆడపిల్ల గోలు ముందు నిలబడినప్పుడు అమ్మా నాయినా గీత బయట కనిపించాలి. ఆ చోటు కొనడానికే తాత జీవితమంతా పైసలు మిగిల్చాడు. ఏ ఇంటికైనా అది అందని ఖర్చు కాదు.