గెలుపు ఆయనది, గడువు అప్పులవాళ్లది

ఆఫ్రికాలో ఒక ప్రతిపక్ష నాయకుడు ఎన్నికల్లో గెలిచాడంటే ధనిక దేశాలకు పూనకం వస్తుంది. ప్రజాస్వామ్యం వర్ధిల్లిందని సందేశాలు వెల్లువెత్తుతాయి. అభినందనకు పైసా ఖర్చు లేదు కనుక అందులో పిసినారితనం ఉండదు.

జాంబియా సంగతి చూడండి. హకైండే హిచిలేమా అయిదుసార్లు ఓడి, ఆరోసారి 2021 ఆగస్టులో గెలిచారు. మధ్యలో 2017లో, అప్పటి అధ్యక్షుడి కాన్వాయ్‌కి దారివ్వలేదన్న గొడవ మీద రాజద్రోహం కేసు పెట్టి ఆయన్ని నాలుగు నెలలు జైల్లో ఉంచారు. ఇంత తపస్సుకు దక్కిన వరం ఏమిటంటే, 2020 నవంబరులోనే 4.25 కోట్ల డాలర్ల వడ్డీ కట్టలేక చేతులెత్తేసిన ఖజానా. అప్పు చేసి పప్పుకూడు తిన్నది పాతవాళ్లు. విస్తరి ఎత్తే వంతు కొత్తాయనది.

ఫరవాలేదు, అప్పులవాళ్లు మర్యాదస్తులు. ఇలాంటి బాకీలు సర్దడానికి జీ-20 దేశాలు ఒక ఉమ్మడి విధానం తయారుచేసి పెట్టాయి. ఉమ్మడిగా లేనిదల్లా వాళ్ల మాట ఒక్కటే. అప్పిచ్చిన ప్రభుత్వాల కమిటీకి చైనా, ఫ్రాన్స్ పెద్దలు. జాంబియా బాండ్లు కొన్న ప్రైవేటు మదుపరులది వేరే జట్టు. బాకీలో కొంత మేం వదులుకుంటే ఆ బాండ్లవాళ్లు బాగుపడతారేమోనని వీళ్ల బెంగ. ముందు వాళ్లనే వదులుకోనీయండని బాండ్లవాళ్ల వాదన. 630 కోట్ల డాలర్ల ప్రభుత్వ బాకీలపై సూత్రప్రాయంగా ఒప్పుకునేసరికి 2023 జూన్ వచ్చింది. ఆ ఏడాది చివర్లో బాండ్లవాళ్లతో బేరం కుదిరితే, వాళ్లు చాలినంత తగ్గలేదని కమిటీ తోసిపుచ్చింది. 300 కోట్ల డాలర్ల బాండ్ల లెక్క తేలింది 2024 జూన్‌లో. అయిదేళ్ల పదవిలో దాదాపు మూడేళ్లు అప్పులవాళ్ల పంచాయతీకే సరి!

పంచాయతీ సాగినంత కాలం హితబోధ మాత్రం ఆగలేదు. ఇంధన సబ్సిడీ తీసేయాలి, పొదుపు చేయాలి, ఓపిక పట్టాలి. ఇవన్నీ చేశాకే 2022 ఆగస్టులో ఐఎంఎఫ్ 130 కోట్ల డాలర్ల రుణానికి సరేనంది. అప్పు తీర్చడానికి అప్పు. దాని పేరు సాయం. ఇంతలో 2024లో కరవు వచ్చి మొక్కజొన్న ఎండింది, కరీబా జలాశయం అడుగంటి కరెంటు పోయింది. మేఘాలకు మాత్రం ఏ కమిటీ అనుమతీ అక్కర్లేకపోయింది.

ఇచ్చిన అప్పు అడగడం తప్పా అని పెద్దమనుషులు నొచ్చుకుంటారు. తప్పు కాదు. కానీ ఆ బాండ్లలో కొన్నిటికి దాదాపు 9 శాతం వడ్డీ ఎందుకు రాయించుకున్నారు? మునిగే ప్రమాదం ఉందనే కదా! ప్రమాదానికి ధర ముందే పుచ్చుకుని, తీరా ప్రమాదం జరిగాక మాకేం తెలియదంటే, దాన్ని వ్యాపారమనరు, దబాయింపు అంటారు.

అధ్యక్షుడేం అమాయకుడు కాదు. ఆయన ముద్దుపేరు 'బాలీ', అంటే అక్కడి కుర్రకారు భాషలో పెద్దాయన, నాన్న. ఆ బాలీయే అన్నీ బాగుచేస్తాడని ఊరూరా నినాదం మోగించి ఓట్లడిగారు. రోజూ తినే న్షిమా ముద్ద వండుకునే మొక్కజొన్న పిండి ధర పెరిగితే లుసాకా ఇల్లాలు ఆయన్నే నిలదీస్తుంది, నిలదీయాలి కూడా. బీజింగ్ బ్యాంకునో లండన్ ఫండునో నిలదీయడానికి ఆమెకు దారే లేదు.

అందుకే ఒక చిన్న ఎన్నికల సంస్కరణ ప్రతిపాదిస్తున్నాను. జాంబియా బ్యాలెట్ మీద అప్పులవాళ్ల పేర్లు కూడా, గుర్తులతో సహా అచ్చువేయాలి. దేశాన్ని మూడేళ్లు ఆపగలిగినవాళ్లను ఓటరు అయిదేళ్లకోసారైనా ఓడించగలగాలి. ప్రజాస్వామ్యం మీద అంత ప్రేమ ఉన్నవాళ్లు నామినేషన్ వేయడానికి జంకరనే నమ్ముతున్నాను.