నల్లమంత్రి ఆత్మకథ

నేను నల్లమంత్రిని. 1960లో లైప్జిగ్ నగరమున జరిగిన చదరంగపు ఒలింపియాడ్‌లో, సోవియట్ జట్టు అమెరికా జట్టుతో తలపడిననాడు, నన్ను నడిపినవాడు ఆ యేటనే బోట్విన్నిక్‌ను జయించి జగద్విజేతయైన ఇరువదిమూడేండ్ల మిఖాయిల్ తాల్. ఎదుట కూర్చున్నవాడు, అంతకు ముందటియేడు అభ్యర్థుల పోటీలో అతనిచేత నాలుగు మారులు వరుసగా ఓడిన పదునేడేండ్ల బాబీ ఫిషర్.

తెల్లరాజు బంటు రెండు గళ్లు రాగా మా రాజు బంటు ఒక్క గడియే కదలెను. లండను, పారిస్ నగరములు 1834లో ఉత్తరములమీద ఆరంభించిన పోటీనుండి ఫ్రెంచి రక్షణమని పేరొందిన ఆరంభమిది. పిమ్మట మా శకటు తెల్లగుర్రమును కదలనీయక కట్టివైచెను. పోలండు దేశీయుడగు వినావర్ పేరిట వెలసిన మార్గమది. తెల్లబంటు తరుమగా శకటు ఒక గడి తొలగెనే గాని పట్టు విడువలేదు. తుదకు అచ్చటనే ప్రాణము విడిచెను. ఆ సందున తెల్లమంత్రి మా రాజుపక్షమున జొరబడి రెండు బంట్లను కబళించెను. 1954లో స్మిస్లోవ్ ఈ త్రోవనే బోట్విన్నిక్‌ను గెలిచియుండెను. తాల్ మాత్రము పదవ యెత్తున గుర్రమును వేరొక గడికి నడిపెను.

పదునాలుగవ యెత్తున మా గుర్రము నడిమి బంటును చంపినది మొదలు జరిగిన సంహారమును నేను రెండవ వరుసనుండి చూచుచుంటిని: గుర్రమును గుర్రము చంపగా, శకటును శకటు చంపగా, మా శకటు వారి ఏనుగును, వారి గుర్రము మా ఏనుగును కూల్చగా, మిగిలిన మా ఏనుగు తెల్లశకటును త్రొక్కి, రాజు ముంగిటి బంటును పెల్లగించి చెక్ చెప్పెను. సమముగ ముగిసిన ఆటలు నిస్సారములని పెదవి విరచువారు ఆ గడియలో నా ప్రక్కన నిలువవలసినది!

ఇరువదియొకటవ యెత్తున తెల్లరాజు స్వహస్తమున మా ఏనుగును చంపెను. వారికి ఏనుగు మిగిలెను, మాకు గుర్రము. బంట్లును వారివే ఎక్కువ. తీరిక దొరకిన వారిదే జయము. నేను తీరిక ఇయ్యలేదు. ఎదుటినుండి చెక్ చెప్పితిని. రాజు మూలకేగిన ఐమూలగా చెప్పుదును, ప్రక్కకు జరిగిన మరల ఎదుటినుండి చెప్పుదును. దీనికి అంతములేదని ఎఱిగి ఇరువురును డ్రాకు సమ్మతించిరి.

ఫిషర్ 1969లో ప్రకటించిన తన అరువది ఆటల గ్రంథమున తొమ్మిది డ్రాలకు చోటిచ్చెను. అందు మా ఆట యొకటి. దానిలో నా యెత్తులు నాలుగే యని నవ్వువారు తెల్లమంత్రివి మూడే యని గుర్తింపవలెను. పదవ యెత్తున రెండవ బంటును మ్రింగి కూర్చున్న ఆ ఘనుడు ఆట ముగియువఱకు కదలనేలేదు.